పట్టిన పానా

తుప్పు పట్టిన నట్టు మీద బొటనవేలు ఆడించి, ఫిట్టరు వెనక్కి తిరక్కుండానే, "పంతొమ్మిది ఇమ్మను," అన్నాడు. చెప్పింది క్రేను డ్రైవరుకి. పానాల పెట్టె దగ్గర కూర్చున్నది మాత్రం బావ, చెయ్యి చాస్తే అందేంత దూరంలో.

"పంతొమ్మిదట. మీ ఇద్దరి మధ్యా నేను టెలిఫోను తీగనైపోయాను," అని విసుక్కున్నాడు డ్రైవరు.

బావ పానా అందించాడు. నట్టు తడిమి సైజు చెప్పడం ఫిట్టరుకు నేర్పింది ఆయనే. తల్లి లేని ఫిట్టరును పెంచింది అక్క. చేతికి పని ఇచ్చింది అక్క మొగుడు. ఆ అక్కకు గుండెనొప్పి వచ్చిన రోజు బావ ఈ పంపుహౌసులోనే డ్యూటీలో ఉండిపోయాడు. ఆసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైంది, అక్క దక్కలేదు. ఆనాటి నుంచి ఫిట్టరు బావతో మాట్లాడలేదు. పెళ్లి చేసుకోలేదు. అలాగని ఈ షెడ్డూ వదల్లేదు. రోజూ వచ్చి ఆయన పక్కనే పనిచేసేవాడు.

మధ్యాహ్నం, పంపుకు బిగించిన పెద్ద గొట్టం నట్లు విప్పుతుండగా దాన్ని మోస్తున్న క్రేను గొలుసు తెగింది. గొట్టం వాలి బావ తొడల్ని గోడకు అదిమేసింది. డ్రైవరు పరుగున కొత్త గొలుసు తగిలించాడు. కానీ ఒక బోల్టు ఇంకా పట్టి ఉంది. అది ఊడితే తప్ప గొట్టం లేవదు. దాని నట్టేమో చెయ్యి తప్ప చూపు దూరని సందులో ఉంది.

ఫిట్టరు బోర్లా పడుకుని చెయ్యి దూర్చాడు. పదిహేడు ఎక్కలేదు. పద్దెనిమిది ఎక్కింది గానీ, లాగితే గిర్రున జారింది. ఇంకోసారి జారితే అంచులరిగి నట్టు గుండ్రమైపోతుంది. ఆ తర్వాత ఏ పానా పట్టదు.

"బావా! పదిహేడు పట్టట్లేదు, పద్దెనిమిది జారిపోతోంది. ఇదేం నట్టు బావా?"

డ్రైవరు నోరు తెరిచి చూశాడు.

బావ పెదాలు నల్లబడుతున్నాయి. "పాత పంపుది రా. మిల్లీమీటర్లు కాదు, అంగుళాల లెక్క. పెట్టె అడుగున చూడు... పదకొండు బై పదహారు. తొందరపడకు. పూర్తిగా కూర్చోబెట్టి లాగు."

ఈసారి పానా కదలకుండా కూర్చుంది. ఫిట్టరు ఊపిరి బిగబట్టి, ఒంట్లో ఉన్న సత్తువంతా భుజంలోకి తెచ్చుకుని లాగాడు. నట్టు కిర్రుమంది. తిరిగింది.

బయటకు తీసి పడుకోబెట్టాక బావ నవ్వాడు. "నీకు నోరుందన్నమాట."

"ముందు ఆసుపత్రికి పద. తర్వాత తిడుదువుగాని."

అంబులెన్సులో ఆయన అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఆ రోజు నన్ను డ్యూటీ దింపడానికి మనిషి రాలేదు రా. పంపు ఆపితే..."

"తెలుసు," అన్నాడు ఫిట్టరు. ఎప్పట్నుంచో తెలుసు.

బండి ఆసుపత్రి మలుపు తిరుగుతుండగా మణికట్టు మీది వేళ్లు వదులయ్యాయి. బావ ఊపిరి ఆగింది. బండి ఆగేదాకా ఆ చేతిని ఫిట్టరే పట్టుకున్నాడు.

సాయంత్రం షెడ్డుకు తిరిగి వచ్చాడు. డ్రైవరు లేచి నిలబడ్డాడు. కిటికీ గట్టు మీద బావ కళ్లజోడు ఉంది, ఒక కాడకు రాగితీగ చుట్టి. అద్దం మీద గ్రీజు బొటనవేలి ముద్ర ఇంకా చెరగలేదు.