మూడో ట్రాన్స్‌ఫార్మర్

ఎన్‌కార్నసియోన్ సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ల నూనె పరీక్షలన్నీ ఇంజనీరు నెలిదా బరేయిరో చేతుల మీదుగానే జరిగేవి. పాడైపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో ఏ వాయువులు ఎంతెంత పుట్టాయో తెలిపే పాత ఫలితాలన్నీ పోగేసి ఆమె ఏళ్ల తరబడి కంప్యూటర్‌కు నేర్పింది. చివరికది లోపలి జబ్బును ముందే పసిగట్టేంతగా ఎదిగింది.

అక్కడ జనవరి అంటే నడివేసవి. ఆ ఎండల్లో అది మూడో ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టుకుంది. లోపల తీగచుట్టల మధ్య నిప్పురవ్వలు లేస్తున్నాయంది. నెలిదా నేరుగా స్టేషన్ అధికారి విల్‌ఫ్రిదో దగ్గరికి పరుగెత్తింది. ఆమె కూతురి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలిచింది ఆయనే.

"అన్నా, దాన్ని వెంటనే ఆపాలి."

విల్‌ఫ్రిదో చల్లటి తెరెరే ఆకుతేనీరు నింపిన కొమ్ముపాత్ర ఆమె చేతికిచ్చాడు. "కార్నివాల్ పండుగ ముందు ఊరిని చీకటి చేస్తే జనం నన్ను బతకనిస్తారా? అయినా నీ మాట కాదంటానా చెల్లెమ్మా! పైవాళ్లతో నేను మాట్లాడతాగా."

మర్నాడు ఆయనే పిలిచి, "ఒప్పుకున్నారు. ఆదివారం ఆపేస్తున్నాం" అన్నాడు. నెలిదా గుండె కుదుటపడింది.

శనివారం మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. పక్కనే బోల్టులు బిగిస్తున్న కార్మికుడు ఎలాదియో రెండు చేతులూ కాలిపోయాయి.

విచారణలో విల్‌ఫ్రిదో తడుముకోకుండా చెప్పాడు. "కంప్యూటర్ ఏమీ చెప్పలేదండీ. ఈవిడ పాపం కష్టపడింది గానీ, దానికింకా బుద్ధి రాలేదు."

"నీకు చెప్పానుగా అన్నా!"

"ఎప్పుడమ్మా?" అన్నాడాయన, తల ఎత్తకుండా.

తెరిచి చూస్తే ఆ హెచ్చరిక కంప్యూటర్‌లో లేదు. దాన్ని చెరిపేసే అధికారం నెలిదాకూ విల్‌ఫ్రిదోకూ మాత్రమే ఉంది. తప్పు కప్పిపుచ్చుకోడానికి కట్టుకథ చెబుతోందన్నట్టు అందరూ నెలిదా వంకే చూశారు. కంప్యూటర్‌ను మూలన పడేసి, ఆమెను వేరే ఊరికి బదిలీ చేశారు.

ఊరు వదిలేముందు నెలిదా ఆసుపత్రికి వెళ్లింది. ఎలాదియో చేతులకు భుజాల దాకా కట్లున్నాయి.

"విల్‌ఫ్రిదోగారు నిన్న చిపా రొట్టెలు తెచ్చి నోట్లో పెట్టారు. ఏడ్చారు కూడా. మీ యంత్రమే ముంచేసిందన్నారు."

నెలిదా జరిగిందంతా చెప్పింది.

"మరి పక్కనే పనిచేసేది మేము కదమ్మా. మాకో ముక్క చెప్పలేకపోయారా?"

"ఆయనకు చెబితే అందరికీ చెప్పినట్టే అనుకున్నాను, ఎలాదియో."

అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం విల్‌ఫ్రిదో వచ్చి నెలిదా ఇంటి తలుపు తట్టాడు. "పాపను ఒక్కసారి చూసి పోతాను చెల్లెమ్మా."

గొంతు గుర్తుపట్టి పాప పరుగెత్తబోయింది. నెలిదా దాని రెక్క పట్టుకుని ఆపింది. పాప ఏడుస్తున్నా తలుపు తీయలేదు.