పూడ్చకుండా వదిలిన గుంత

ఈ బకెట్ కమ్మి చేతి తొడుగులోంచి కూడా వేళ్ళని కోసేస్తోంది, వచ్చే ఏడాదైనా మార్చమని రైమోకి చెప్పాలి, స్కేటింగ్ రింకులో మంచు బాగోగులన్నీ అతనివే కదా, చెబితే ఏమంటాడో తెలుసు, పద్దెనిమిదేళ్ళుగా మోస్తున్నావు ఔలిక్కీ, ఈపాటికి నీ వేళ్ళే ఇనుమైపోయుండాలే అంటాడు, ఐరోపా అంతా టీవీల ముందు కూర్చునే పోటీ ఇది, అయినా విరామంలో మేం ఎనిమిది మందిమి మంచు మీదికి వెళ్ళినప్పుడు మాత్రం ప్రకటనలు వేస్తారు, స్కేటు బూట్ల కింద ముందుండే ఇనప పళ్ళు పొడిచిన గుంతల కోసం వంగి వెతకడం, పిడికెడు తడిమంచు అదమడం, అరచేత్తో రుద్దడం, లేవడం, ఇందాక ఎడమ మూలలో ఒకటి మిగిలింది, బొటనవేలు పట్టేంత, చూశాను, ఇంక బయటికి రమ్మని ఈల వేశారు, వచ్చేశాను.

ఈ విడత స్కేటర్లలో ఆఖరిది నార్వే పిల్ల ఇంగున్, పదిహేడేళ్ళది, పొద్దున తలుపు పట్టుకున్నందుకు నాకు థ్యాంక్స్ చెప్పిన ఒకే ఒక్కతి, అంచుగోడ వెనక నించుని చూస్తున్నాను, వెనక్కి జారుతూ ఎడమ మూలకే పోతోంది, అక్కడొద్దు అనుకున్నాను, నోరు మాత్రం తెరవలేదు, అక్కడే ఎగిరింది, దిగింది, కాలు నిలవలేదు, తుంటి మీద పడి గోడ దాకా జారింది, హాలంతా అయ్యో అంది, లేచి చివరిదాకా చేసింది, రెండో స్థానం రావలసింది ఏడుకి పోయింది, నా పక్కన నాలాగే బకెట్ మోసే హెల్వి, పాపం దాని తల్లి కూడా వచ్చిందే, అదిగో మూడో వరస, మొహం ఎలా అయిపోయిందో చూడు అంటోంది, నేను చూడలేదు, నాకు స్కేటింగ్ నేర్పిన కోచ్ మా అమ్మతో అన్న మాట ఎందుకో ఇప్పుడు వినిపిస్తోంది, అప్పుడు పద్నాలుగేళ్ళు నాకు, ఇదే రింకు, మీ పిల్ల పడదమ్మా, తప్పంటూ చెయ్యదు, కానీ తల పక్కకి తిప్పామంటే ఇక ఎవరికీ గుర్తుండదు, ఏమైంది నీకు, పాలిపోయావు, అని హెల్వి, ఏం లేదు.

మళ్ళీ విరామం, నేరుగా రైమో దగ్గరికే వెళ్ళాను, ఎడమ మూలలో గుంత నేనే వదిలేశాను, చూసి మరీ వదిలేశాను అన్నాను, నా గొంతు వార్తలు చదువుతున్నట్టుంది, అతను నాతో ఆ మూలకి నడిచాడు, మోకాళ్ళ మీద కూర్చుని వేలితో చూపించాడు, ఇదిగో పిల్ల దిగిన గీత, అదిగో నీ గుంత, మధ్యలో నా కారు పెట్టుకోవచ్చు, గాల్లోనే ఒరిగిపోయిందది, నీకేం సంబంధం, పిచ్చిదానా, పోయి కాఫీ తాగు, ఏలకుల బన్నులు అయిపోతాయ్ అని నవ్వాడు, గుంత అంచులు ఎక్కడా చెక్కుచెదరలేదు, దాని మీదుగా ఎవరూ పోలేదు, తడిమంచు పెట్టి అదిమాను, రుద్దాను, లేచాను, అప్పుడైనా గుండె తేలికపడాలి, పడలేదు, గోడకి అటుపక్క ఇంగున్ తుంటికి ఐస్ సంచీ కట్టుకుని తల్లి భుజం పట్టుకుని కుంటుతోంది, నావైపు చూసింది, ఎవరో పనిమనిషిని చూసినట్టు చూసి వెళ్ళిపోయింది, పది నిమిషాలుగా నన్ను కుదురుగా ఉండనివ్వనిదాన్ని భయమనే అనుకున్నాను, రైమో నవ్వగానే అది చప్పున చల్లారిపోయింది, అప్పుడు తెలిసింది, ఆ పిల్ల పడింది నా వల్లే అయితే బాగుండునని నేను ఆశపడ్డాను.