ఫిర్యాదుల పెట్టె కాపలాదారు

లుఫెయో గోదాము ముందు ఊడ్చేసి, చీపురు గోడకు ఆనించి, ఫిర్యాదుల పెట్టెను తడిగుడ్డతో తుడుస్తున్నాడు. అది నీలం రంగు రేకుపెట్టె. షీరే నది ఊళ్లను ముంచాక జనం ఈ బడి ఆవరణలో గుడారాలు వేసుకున్నారు. అప్పుడే సాయం చేసే సంస్థవాళ్లు ఆ పెట్టెను గోదాము తలుపు పక్కన బిగించారు. తాళంచెవి లుఫెయో మెడలో ఉంటుంది.

బక్కపలచటి మనిషి, ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. ముప్పై ఏళ్లు పత్తి మిల్లుకు కాపలా కాశాడు. మేకు దొరికినా యజమాని చేతికే ఇచ్చేవాడు. ఆ మంచిపేరు తప్ప అతనికి వేరే ఆస్తి లేదు. ఇక్కడా అంతే. ప్రతి శుక్రవారం పెట్టె తెరిచి, కాగితాలు గోదాము అధికారి కచింగ్వేకి ఇచ్చేవాడు. గోదాము ఆయనదైనప్పుడు దాని గోడకున్న పెట్టె మాత్రం ఇంకెవరిదవుతుంది అనుకున్నాడు వెర్రిబాగులవాడు.

మూడు వారాల కిందట ఒకే ఒక్క కాగితం పడింది. ఆరో తరగతి దాకా చదివినవాడు కదా, చదివాడు. ‘పిండి జాబితాలో పేరుండాలంటే గోదాము అధికారి పొద్దుగూకాక ఒంటరిగా గోదాముకి రమ్మంటున్నాడు. రాకపోతే పిండి ఇవ్వనంటున్నాడు.’ కింద పేరు లేదు. లుఫెయో చెవులు వేడెక్కాయి. అయినా మడిచి ఇచ్చాడు.

“ఎవరు వేశారు తాతా?” అన్నాడు కచింగ్వే నవ్వుతూనే.

“ఫైనెసి, సారూ. నేను చూశాను.”

అధికారి అడిగాడు, ఇతను చెప్పాడు. తర్వాత నాలుక కరుచుకుంటే ఏం లాభం?

ఆ మర్నాడే జాబితాలో ఫైనెసి పేరు ఎగిరిపోయింది. ఇరవై ఏళ్ల పిల్ల. మొగుణ్ని వరద తీసుకుపోయింది. ఈ ఉదయం వీపున బిడ్డతో వచ్చి, పెద్దల ముందు ఆడవాళ్లు మోకరిల్లినట్టే అతని ముందు బురదలో మోకరిల్లింది.

“తాతా, ఇవాళ బ్లాంటైర్ పట్నం నుంచి సంస్థ పెద్దావిడెవరో వస్తారట. అడిగితే ఉన్నది చెప్పండి. అంతకంటే ఏమీ వద్దు.”

“లే తల్లీ, బట్టలు పాడవుతాయి,” అన్నాడు. ఆమె మొహం చూడలేకపోయాడు.

మధ్యాహ్నానికి జీపు వచ్చింది. రబ్బరు బూట్లలో దిగిన ఆవిడ తిన్నగా పెట్టె దగ్గరికే నడిచింది.

“కాగితాలేమైనా పడ్డాయా?”

“ఒక్కటీ లేదు మేడమ్. ఇక్కడందరం ఒక ఇంటివాళ్లలా ఉంటాం,” అన్నాడు కచింగ్వే.

ఆవిడ లుఫెయో వైపు తిరిగింది. “తాళంచెవి మీ దగ్గరుందిగా పెద్దాయనా. మీరు చెప్పండి.”

పిండి కోసం వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు ఇటు తిరిగారు. కచింగ్వే అతనికేసి చూడను కూడా లేదు, కలం మూత తిప్పుకుంటున్నాడు. లుఫెయో మెడలోని తాళంచెవిని పిడికిట్లో పట్టుకున్నాడు.

“ఖాళీయేనమ్మా.”

“దీన్ని ఈ తలుపు పక్కనే పెట్టిన తెలివి ఎవరిదో!” అందావిడ. వచ్చే నెల మార్పిస్తానని రాసుకుని జీపెక్కింది.

సాయంత్రం లుఫెయో తనకిచ్చిన మొక్కజొన్న పిండి సంచీ భుజానేసుకుని ఫైనెసి గుడారానికి వెళ్లాడు. లోపల ఎవరూ లేరు. పక్క గుడారం ముసలమ్మ ఎసినాటి చేట చెరుగుతూ తలెత్తింది.

“ఏరు దాటిపోయింది. సరిహద్దు అవతల మొజాంబిక్‌లో పిన్ని ఉందట. జీపు ఇలా కదిలిందో లేదో అలా పడవెక్కింది.”

“మళ్లీ వస్తుందా?”

“దేనికి రావాలి?”

అతను సంచీ దించాడు. “అమ్మా, ఆ పిల్ల పేరు చెప్పింది నేనే.”

“తెలుసయ్యా. అందరికీ తెలుసు. ఆ తర్వాత ఆ పెట్టెలో చిన్న ముక్కైనా పడిందా? నువ్వేమో రోజూ తెగ తుడుస్తున్నావు.”

“ఫైనెసికీ తెలుసా?”

“తెలుసు. ఇవాళ నువ్వు నోరు విప్పుతావనే ఆగింది.”

సిగ్గుతో అతనికి ఒళ్లంతా కుంచించుకుపోయింది. ముసలమ్మ చూపు తప్పించుకోవడానికే గుడారంలోకి దూరాడు. చిరిగిన చాప మీద ఒక బడి నోటుపుస్తకం మిగిలి ఉంది. మధ్యలో ఒక కాగితం చింపడంతో దాని జంట కాగితం కుట్టు ఊడి బయటికి జారింది. దాని మీద, పెట్టెలో పడ్డ ఆ కాగితం మీదున్న గీతలే ఉన్నాయి, రాత లేదు.