లూసమ్మ పళ్ళెం

వెంకటేశ్వర్లు ఏవగింపు ఎరగని మనిషి. సూర్యాపేట కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినంత కాలం కసాయి కొట్టు నుంచి మేక కళ్ళు తెప్పించి, విద్యార్థుల ముందు కోసి చూపేవాడు. ఏనాడూ ముఖం చిట్లించలేదు. అలాంటివాడికి రిటైరయ్యాక, చెల్లెలు రాసిన భక్తి పుస్తకం ప్రూఫులు చూడగానే రోత పుట్టింది. అట్ట మీద పునీత లూసీ బొమ్మ. ఆమె చేతిలో పళ్ళెం, పళ్ళెంలో రెండు కళ్ళు. చూసేవాడినే చూస్తున్నాయి.

చెల్లెలు సత్యవతిది మిర్యాలగూడ. భర్త పోయాక జ్ఞానస్నానం తీసుకుని లూసీ సత్యవతి అయింది. విశ్వాసం కోసం కళ్ళు పోగొట్టుకున్న ఆ పునీతురాలే కళ్ళ జబ్బులున్నవారికి దిక్కట. ఆమె మీద రాసుకున్న ధ్యానాలను కోదాడ ప్రెస్సులో అచ్చుకిచ్చి, ప్రూఫులు అన్నకు పంపింది.

"నీ తెలుగుకు వంక పెట్టేటోడు లేడన్నా. దేవుణ్ణి నమ్మకపోతే నమ్మకపో, అక్షరాలైతే దిద్దు," అంది.

దిద్దబోయాడు. 'తల్లీ, నీ పళ్ళెంలో నా కన్నీళ్ళు తేనెగా పోస్తాను, నీ కంటి గాయాలను ముద్దాడతాను.' పాకంలో పడి చచ్చిన ఈగల్లా ఉన్నాయి మాటలు. ఎర్ర పెన్సిల్‌తో వాక్యం తర్వాత వాక్యం కొట్టేసుకుంటూ పోయి, సగంలో ఒళ్ళు జలదరించి పక్కన పడేశాడు. నాట్లప్పుడు వచ్చిన ప్రూఫులు వరి పొట్టకొచ్చినా బల్ల దిగలేదు.

సత్యవతి ఫోన్ చేసేది. "అయిందానే అన్నా?"

"అయితది లే. నీ లూసమ్మ పదిహేడు వందల ఏండ్లు ఆగింది, ఇంకో నెల ఆగలేదా?"

"ఆమె ఆగుతది. నేనే ఆగలేను," అని పెట్టేసేది.

అది రచయితల తొందరే అనుకున్నాడు. చివరకు ఓ ఉదయం సత్యవతి కోడలు దీప్తి ఫోన్ చేసింది.

"మామయ్యా, అత్తమ్మ కండ్ల చుక్కలు బంద్ పెట్టింది. నీటికాసులు, అదే గ్లాకోమా, ఒక్క పూట గూడ తప్పొద్దన్నడు డాక్టర్. పుస్తకం అచ్చయి లూసమ్మ పాదాల కాడ పెట్టేదాక మందు ముట్టనని మొక్కుకున్నదంట. నాకియ్యాల్నే తెలిసింది."

"పుస్తకం ఎక్కడ ఆగింది మరి?"

"మీ కాడనే గద, మామయ్యా."

వెంకటేశ్వర్లు ప్రూఫులు ముందుకు లాక్కున్నాడు. తాను కొట్టేసిన వాక్యాల్లో ఒకటి కంటికి తగిలింది. 'ఈ మధ్య గుడిలో నా పక్కన కూర్చున్నవాళ్ళు కనిపించడం లేదు. ఎదురుగా లూసమ్మ ఒక్కతే కనిపిస్తున్నది.' నీటికాసుల్లో మొదట పోయేది పక్కచూపేనని తానే ఏటేటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినవాడు. ఆ వాక్యాన్ని భక్తి పైత్యమనుకుని అడ్డంగా గీత గీశాడు. గీత నున్నగా, తిన్నగా ఉంది. దాన్ని చూస్తుంటే అట్ట మీది కళ్ళను చూసినప్పటికంటే ఎక్కువ రోత పుట్టింది.

కోదాడ ప్రెస్సుకు ఫోన్ చేశాడు. "ఇవాళ ప్రూఫులిచ్చినా నెల పడుద్దండీ, కరపత్రాల పని మీద పడి ఉంది," అన్నాడు యజమాని. నెల ఆగే జబ్బు కాదది. సత్యవతికి చేసి, చుక్కలు వేసుకోమన్నాడు.

"మనిషికిచ్చిన మాటే తప్పను, పునీతురాలికిచ్చింది తప్పుతనా? ఈ మొక్కు నువ్వూ నేనూ విప్పేది కాదన్నా. ఫాదర్ విప్పాలె."

చర్చి గడప తొక్కనివాడు ఆ మధ్యాహ్నమే బస్సెక్కి మిర్యాలగూడలో ఫాదర్ మత్తయ్య ఎదుట కూర్చున్నాడు. గదిలో మైనం, అగరు కలిసిన వాసన. గాజు పెట్టెలో ఎవరో పునీతుడి ఎముక ముక్క, దాని చుట్టూ జరీ. చూపు తిప్పుకున్నాడు.

"నేను నాస్తికుణ్ణి," అన్నాడు.

"తెలుసండీ. మీ చెల్లెలు మీ కోసం వారం వారం ప్రార్థన పెట్టిస్తది. ఇంతవరకూ ఫలితం కనపళ్ళేదు." ఫాదర్ నవ్వాడు కానీ, సంగతంతా విన్నాక నవ్వు ఆపేశాడు. "మందు మానమని మా మతంలో ఎక్కడుందండీ? ఇది పాత ఇంటి మొక్కు, కొత్త దేవుడి ముందుకు తెచ్చింది. చెప్పు లేకుండా కొండెక్కుతామనే రకం."

"విప్పండి మరి."

"విప్పితే నా మీద అలుగుద్ది. మారుస్తాను, ఆ అధికారం నాకుంది. మందు మానే బదులు, చుక్కలు వేసుకున్న ప్రతిసారీ ఒక ప్రార్థన చెప్పుకోవాలి."

మందుకు ప్రార్థన అనుపానం. వెంకటేశ్వర్లుకు నోరంతా చేదైంది. కంటి చూపు నిలవడానికి డాక్టర్ మాట చాలక, ఈ ఎముకల గదిలోంచి చీటీ కావలసి వచ్చింది. అయినా చేతులు జోడించాడు.

ఇంటి దగ్గర సత్యవతి నవ్వుతూ ఎదురొచ్చి, పక్కనున్న స్టూలు తన్నుకుని తూలింది. దీప్తి పట్టుకుంది. ఫాదర్ మాట చెప్పగానే మారు మాట్లాడకుండా కుర్చీలో తల వెనక్కి వాల్చింది.

"నువ్వే వెయ్యన్నా. ఆమేన్ అనేదాక వెయ్యకు."

వెంకటేశ్వర్లు చుక్కల సీసా పట్టుకుని నిలబడ్డాడు. ఆమె పెదవులు కదులుతున్నాయి. గోడ మీద లూసమ్మ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ప్రార్థన ముగిసేదాకా అతడు చేయి కదపలేదు.

"ఆమేన్."

రెప్ప కింద చుక్క పడింది.

"పోయిన సూపు వస్తదానే?" అని మెల్లగా అడిగింది.

"రాదు. ఉన్నది నిలుస్తది."

ఆమె చెంప మీదికి జారిన మందును కొంగుతో అద్దుకుంది. "పుస్తకం ఎట్లుంది?"

"కంపరం పుట్టింది."

"మొత్తమా?"

"పక్కనోళ్ళు కనపడరని రాసినవ్ చూడు, అదొక్కటే నిజం. దాన్నే కొట్టేసిన."

సత్యవతి కళ్ళు మూసుకునే చేయి చాపి, అతని మణికట్టును వెతుక్కుని పట్టుకుంది. "మళ్ళ రాయి మరి," అంది. "ఇంకో కన్ను మిగిలింది, ముందు దాంట్ల ఎయ్యి."

ఆమె మళ్ళీ ప్రార్థన మొదలుపెట్టింది. అతడు సీసా వంచి ఆగాడు.