నాలుగో వార్డు లెక్క

అత్త పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలిందని రెండు నెలల కిందట తనే చెప్పింది, పరీక్షకు మాత్రం ససేమిరా అంది. ఆవిడకు దొరికిన సాకు ఆరోగ్య శాఖవారి కాగితం. నిరుడు తాముండే నాలుగో వార్డులో క్యాన్సర్‌తో ముప్ఫై ఒక్క మంది పోయారనీ, మిగతా వార్డుల్లో ఎక్కడా పది దాటలేదనీ అందులో ఉంది.

"ఈ వార్డు గాలిలోనే ఉందే ఆ రోగం. నా నుదుట రాసింది సూది గుచ్చి మరీ చదివించుకోవాలా?" అంది బఠాణీలు ఒలుస్తూ.

చోద్యమేమిటంటే, ఆ కాగితం బయటికి వచ్చింది మేనకోడలు పనిచేసే ఆఫీసు నుంచే. వీధిలో ఎవరు తుమ్మినా సగటు కడుతుందని ఇంట్లోవాళ్లు ఏడిపించే పిల్ల ఆమె. ఆ ముప్ఫై ఒకటిని పడగొడితే అత్త దిగివస్తుందనుకుంది.

మర్నాడు మరణాల రిజిస్టరు ముందేసుకు కూర్చుంది. ఇరవై రెండు పేర్లకు ఒకటే ఇంటి నంబరు! ఒక్క ఇంట్లో ఇరవై ఇద్దరు కాపురముంటే ముందు చూడాల్సింది జబ్బును కాదు, ఆ ఇంటి ఓనరును. తీరా వెళ్లి చూస్తే, ఇక మందులు పనిచేయవన్న రోగులను చివరిదాకా చూసుకునే ఇల్లది. నిరుడే తెరిచారు. అక్కడి పుస్తకం ప్రకారం ఆ ఇరవై ఇద్దరూ వేరే వార్డుల వాళ్లు.

తిరిగొచ్చి గుమాస్తాను నిలదీసింది.

"చనిపోయిన చోటుకో గడి, నివాసానికో గడి పెట్టారండీ. మొదటిది రాసేసి రెండోదానికి 'పైదే' అని పెట్టేస్తున్నా. పోయినవాళ్లు అద్దె కడతారా ఏంటి, ఎక్కడుంటే ఏం?" అన్నాడాయన తాపీగా.

మిగిలింది తొమ్మిది మంది. వాళ్లలో ఏడుగురు ఎనభై దాటినవాళ్లు. ఏ వార్డుకూ తీసిపోని, ఏ వార్డునూ మించని లెక్క. ఆ సాయంత్రమే రెక్కలు కట్టుకుని, మళ్లీ బఠాణీలు ఒలుస్తున్న అత్త ముందు వాలి, అంతా చెప్పేసింది.

అత్త ముఖం వెలిగిపోయింది. "అమ్మయ్య! మన వార్డులో ఏం లేదన్నమాట. ఇంక నాకు పరీక్షెందుకే?"

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. తప్పు తనదేనని మేనకోడలికి అప్పుడు తెలిసింది. అత్తకు కావలసింది సాకు, తాను సరఫరా చేసింది లెక్కలు.

"అత్తా, ఇవి పోయినవాళ్ల లెక్కలు. ముప్ఫై ఒకటిలోనూ నువ్వు లేవు, తొమ్మిదిలోనూ లేవు. నీ గడ్డ సంగతి ఏ వార్డుకూ తెలీదు." అత్త పక్కన చతికిలబడింది. "నాకు భయంగా ఉంది. నువ్వు లేకపోతే నేనేం కాను? అది చెప్పలేకే ఇన్ని కాగితాలు తిరగేశా."

అత్త చేతిలోని బఠాణీ కాయ చేటలో పడేసింది.

"ఈ మాట ముందే అనుంటే నీకా రిజిస్టరు దుమ్ము తప్పేది కదే, పిచ్చిమొద్దూ," అని లేచి చెప్పులు వేసుకుంది. గడప దాటబోతూ ఆగి, మేనకోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాకూ భయమేనే," అంది. "పద."