గంజి పెట్టిన స్పాంజి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సూరత్‌లో, మా అమ్రోలి మగ్గాల కార్ఖానాలో ఎవరినడిగినా ఈ దేవదాస్ గురించి అదే చెబుతారు. అత్తగారి ముందు మాత్రం ఆ కోపానికి నోరు పెగలదు.

మా ఇంట్లో ఒక గాజు తొట్టి ఉంది. అందులో ఉప్పునీళ్లు, నాలుగు పగడాలు, తెల్లచారల నారింజ చేపల జంట. అవి గుడ్లు పెడతాయని ఎనిమిది నెలలుగా కాచుక్కూర్చున్నాను. "నేను కడుపుతోని ఉన్నప్పుడు సుత గింత కనిపెట్టుకొని ఉండలే" అని నా భార్య వినోద దెప్పుతుంటుంది.

ఆ తొట్టి ప్రాణమంతా రెండు స్పాంజిల్లో ఉంది. చేపల మురికిని తినే మంచి సూక్ష్మజీవులు వాటిలోనే కాపురముంటాయి. అందుకే తొట్టిలోంచి తీసిన ఉప్పునీళ్లలోనే మెల్లగా పిండాలి. అదీ ఈ వారం ఒకటి, వచ్చే వారం రెండోది. నల్లా నీళ్లు తగిలితే సూక్ష్మజీవులు పోతాయి, వాటి వెనకే చేపలూ పోతాయి.

నిన్న మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసరికి బట్టల తీగ మీద రెండు స్పాంజి ముక్కలు వేలాడుతున్నాయి. ముట్టుకుంటే అప్పడాల్లా గట్టిగా తగిలాయి.

"ఇవి ఏంది అత్తమ్మా?"

మా అత్త బుచ్చవ్వ మొన్ననే సిరిసిల్ల నుంచి వచ్చింది. నలభై ఏళ్లు మగ్గం పడుగు నూలుకు గంజి పెట్టిన మనిషి. ఆమె చేతిలో పడ్డ ఏ బట్టా గంజి తాగకుండా తీగ ఎక్కదు.

"గలీజుగ ఉన్నయి బిడ్డా. సబ్బు పెట్టి ఉతికి, జర గంజి పెట్టిన. ఇగ ఎన్నేండ్లయినా గట్టిగుంటయి."

అత్తను అనలేను కాబట్టి వినోదను తిట్టాను, తొట్టి పంపును తిట్టాను, గంజి కనిపెట్టినవాణ్ణి తిట్టాను. తొట్టివైపు చూడటానికి మాత్రం ధైర్యం చాలలేదు.

"రెండూ ఉతికితివి గద అత్తమ్మా. నా చేపలు సచ్చినట్టే" అన్నాను ఏడుపు గొంతుతో.

"రెండెక్కడియి? అండ్ల ఒకటి గిన్నెలు తోమేది. నీ రెండోది తొట్టిలనే ఉన్నది. దాని జోలికి పోతె నీ చేప ఊకుంటదా? ఇగో సూడు" అని వేలు చూపించింది. "మూడు మాట్ల చెయ్యి పెట్టిన, మూడు మాట్ల కొరికింది. దానికి సుత నీ లెక్కనే ముక్కు మీద కోపం."

ఎనిమిది నెలల్లో ఆ చేప ఎవరినీ కొరకలేదు. గుడ్లు పెట్టిన చోటికే అవి చెయ్యి రానివ్వవు. పరుగెత్తుకెళ్లి గాజుకు మొహం ఆనించాను. రెండో స్పాంజి పక్కన, రాయి మీద, నారింజ రంగు గుడ్లు వందల్లో ఉన్నాయి. పెద్ద చేప నా మీదికి కూడా ఉరికి గాజును గుద్దుకుంది. నాకంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

"పెట్టినయి అత్తమ్మా" అంటూ ఆమె రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పాను. "ఇడువు బిడ్డా, కండ్లు తిరుగుతున్నయి" అంటూనే తనూ తిరిగింది.

వినోద తల్లి వేలికి రాద్దామని పసుపు డబ్బా తెచ్చింది. బుచ్చవ్వ చెయ్యి వెనక్కి లాక్కుని తొట్టి చూపించింది.

"నాకెందుకే, ముందుగాల బాలెంతను సూడు."

వినోద తొట్టివైపు తిరిగి పసుపు డబ్బా మూత తీసింది. నేను ఒక్క దూకు దూకి డబ్బా లాక్కున్నాను.