గోల్‌కీపర్ రాసిన మాట

నేను గిన్నెలు తోముతుంటే మా ఆయన వెనక వచ్చి నిలబడి, "క్లబ్బు మేనేజరు వచ్చాడు. టీ పెట్టు. ఏదో కాగితం కావాలట, టీచరువి కదా, నాలుగు ముక్కలు రాసిచ్చెయ్," అన్నారు.

అమ్మాయి పోయి పంతొమ్మిది రోజులైంది. జాతీయ మహిళల ఫుట్‌బాల్ లీగ్‌లో అది గోల్‌కీపరు. ఎనిమిదో మ్యాచ్‌లో ఎదుటి జట్టు అమ్మాయి మోకాలు దాని తలకు తగిలింది. తొమ్మిదో మ్యాచ్‌లో బంతి తగిలి పడిపోయింది. మళ్లీ లేవలేదు. ఇంతకు మించి చెప్పడం నాకింకా చేతకావడం లేదు.

కానీ చెప్పాల్సింది ఒకటి మిగిలే ఉంది. ఆ క్లబ్బులో డాక్టరు లేడు, ఒక పుస్తకం ఉంది. ప్రతి మ్యాచ్ తరువాత, ఒంట్లో ఎలా ఉందో ఎవరికి వారే అందులో రాసి సంతకం పెట్టాలి. రెండో గోల్‌కీపరు పెళ్లి కుదిరి సీజన్ మధ్యలోనే వెళ్లిపోయింది. ఇక మా అమ్మాయి తప్ప వాళ్లకు దిక్కు లేదు. ఎనిమిదో మ్యాచ్ మర్నాడు ఫోన్ చేసింది.

"అమ్మా, వెలుతురు చూస్తే తల పగిలిపోతోంది. కోచ్ మేడమ్‌కి చెప్పా. 'పుస్తకంలో ఏం రాస్తావో నీ ఇష్టం, ఆలోచించుకో' అంది. ఏం రాయను?"

ఆ క్షణాన నాకు దాని గొంతు వినిపించలేదు. "ఒక్క సీజనే. దెబ్బా గిబ్బా తగిలిందంటే సంచి సర్దుకుని రావాలి, నేను చూపించినవాణ్ని చేసుకోవాలి" అన్న వాళ్ల నాన్న మాట వినిపించింది. "నువ్వు బంతి పట్టుకుంటే గరిటె ఎవరు పడతారే?" అని నవ్విన మా అత్తగారి మాట వినిపించింది. ఇరవై ఆరేళ్లుగా బడి నుంచి వచ్చి, చెప్పులు విడిచి, మంచినీళ్లయినా తాగకుండా వంటింట్లోకి నడుస్తున్నాను. అది మాత్రం ఇక్కడికి రాకూడదు. అంతవరకే ఆలోచించాను. "బాగున్నానని రాసెయ్యమ్మా," అన్నాను.

మేనేజరు టీ చప్పరించి కప్పు కింద పెట్టాడు. "చిన్నప్పటి నుంచీ తలనొప్పి ఉండేదని రాయండి మేడం, చాలు. లీగ్ వాళ్లు అడుగుతున్నారు. ఆదివారం ఫైనల్, పాప పేరు మీదే ఆడతాం."

"లేని తలనొప్పి ఎలా రాయను?"

"తలనొప్పి లేనిదెవరికి? నీకు రోజూ ఉంటుందిగా, బల్ల మీద ఆ మందే కదా ఉండేది," అన్నారు మా ఆయన. నాకు తలనొప్పి వస్తుందని ఆయన గమనించారని నాకు అప్పుడే తెలిసింది.

"మా తప్పేమైనా ఉందా చెప్పండి," అన్నాడు మేనేజరు. "ఎవరినీ బలవంతం చెయ్యం. మొన్న సెమీఫైనల్లో కొత్త గోల్‌కీపరు తల గోల్ స్తంభానికి కొట్టుకుంది. రెండుసార్లు వాంతి చేసుకుంది కూడా. అయినా బాగున్నానని తనే రాసింది. గట్టి పిల్ల."

"ఆదివారం ఆడుతుందా?"

"మరి ఇంకెవరున్నారు మేడం?"

కలం అడిగి తీసుకున్నాను. రాయడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి తల్లి కూడా ఫోన్‌లో ఏదో చెప్పే ఉంటుంది. ఆమె గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మా ఆయన నా భుజం మీదుగా వంగి చదివి, "మతి పోయిందా నీకు? ఊరంతా నిన్నే ఆడిపోసుకుంటుంది. కూతుర్ని చంపుకున్నావంటారు," అన్నారు.

"అననివ్వండి."

మేనేజరు చెయ్యి చాచాడు. నేను కాగితం మడిచి, "లీగ్ వాళ్లకి నేనే ఇస్తాను," అని చెప్పులు వేసుకున్నాను.

అందులో రెండే వాక్యాలున్నాయి. కొత్త గోల్‌కీపరును ఆదివారం ఆడించకండి. బాగున్నానని రాయమని మా అమ్మాయికి చెప్పింది నేనే.